నిమ్మగింజను ఎండలో పెట్టకండి

నిమ్మకాయ ఊరగాయ పెట్టే రోజు మా అమ్మ పక్కన రెండు గిన్నెలు పెట్టుకుంటుంది. ఒకటి ముక్కలకి, ఇంకోటి గింజలకి. కత్తిపీట మీద కాయను చెక్కలు చేసి, బొటనవేలి గోరుతో గింజను ఎగదోస్తుంది. అది టప్పున గిన్నెలో పడాలి. ఒక్కటి తప్పించుకుని ముక్కతోపాటు జాడీలోకి పోయినా ఊరగాయ చేదెక్కుతుందని ఆమె భయం. ఆ భయంలో నిజముంది. నిమ్మజాతి గింజల్లో లిమోనిన్ అనే చేదు పదార్థం దండిగా ఉంటుంది. గింజ చితికితే ఆ చేదు పులుపులోకి దిగుతుంది. మిక్సీలో గింజలతో సహా బత్తాయి రసం తీసినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

యాభై కాయల ఊరగాయకి గింజల గిన్నె దాదాపు సగం నిండుతుంది. ఒకసారి పనిగట్టుకుని లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు. ఆ గిన్నెను ఏం చేయాలన్నదే ఈ వ్యాసం.

ఫోన్లో ఇప్పుడు దీనికి బోలెడు చిట్కాలు దొరుకుతాయి. గింజల పొడి తలకి పట్టించమని ఒకరు, మొహానికి రాయమని ఒకరు, మొక్కలకి చల్లమని ఇంకొకరు. చిట్కా ఏదైనా మొదటి మాట మాత్రం ఒకటే: "గింజలను శుభ్రంగా కడిగి రెండు రోజులు ఎండలో ఎండబెట్టుకోండి." ఆ మొదటి మాటే తప్పని నా వాదన. నిమ్మగింజకు ఉన్న విలువంతా దాని పచ్చిదనంలో ఉంది. ఎండబెట్టినాక మిగిలేది చేదు పొట్టు.

ఈ మాట నాకు తేలిగ్గా తెలిసింది కాదు. మా పుట్టిల్లు నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర ఒక ఊరు. పొదలకూరు, సైదాపురం, రాపూరు, అక్కణ్ణుంచి గూడూరు, వెంకటగిరి దాకా ఎటు చూసినా నిమ్మతోటలే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ, మా నోట్లో నిమ్మకాయంటే ఇప్పటికీ గూడూరే. మా నాయన తోటలో, బావి వెనకాల, మా జేజి గింజవేసి పెంచిన చెట్టొకటి ఉండేది. పలచటి తోలు, పిండితే చేతికి కారేంత రసం. తోట మొత్తం అమ్మకానికైనా, ఆ చెట్టు కాయ మాత్రం ఇంటికే.

2021 నవంబరులో నెల్లూరు జిల్లాను వానలు ముంచెత్తాయి కదా. బావి వెనకాల పల్లం. అక్కడ నీళ్ళు చాలా రోజులు నిలబడిపోయాయి. నిమ్మచెట్టు ఎండనైనా ఓర్చుకుంటుంది, వేరు దగ్గర నిలవనీళ్ళను ఓర్చుకోదు. వేరు కుళ్ళుతుంది, చెట్టు మొదలు దగ్గర బంక కారుతుంది, ఆకు పసుపుబారుతుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడే చెట్టు రంగు మారింది. అయినా ఆ వేసవికి విరగ్గాసింది. చావబోయే చెట్టు అట్లాగే కాస్తుందన్నాడు నాయన. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు బజార్లో నిమ్మకాయ ఒక్కోటి పది రూపాయలు పలుకుతున్న రోజుల్లో, ఆ చెట్టు కాయలు సగం బస్తా నాకు పంపించి, సగం అమ్మ ఉంచుకుంది.

నేను ఊరగాయ పెట్టి, గింజలన్నీ జాగ్రత్త చేశాను. చెట్టు పోతుందని తెలుసు కాబట్టి, దాని విత్తనమైనా నిలవాలని. మా ఇంట్లో విత్తనం దాచడమంటే ఏందో చిన్నప్పటి నుంచి చూసిందే: కంది గానీ, పెసర గానీ, గుమ్మడి గింజ గానీ, బాగా ఎండాలి, పంటికింద కరకరలాడాలి, అప్పుడు డబ్బాలో పోయాలి. నేనూ అంతే చేశాను. నెల్లూరు మే ఎండలో మిద్దె మీద పాతచీర పరిచి నాలుగు రోజులు ఆరబోశాను. గింజలు తెల్లగా, తేలిగ్గా, గలగలమంటూ తయారయ్యాయి. గాజుసీసాలో పోసి, మూత బిగించి, పైన చీటీ అంటించాను.

జులైలో వానలు పడ్డాక మూడు కుండీల్లో చల్లాను. దాదాపు మూడు వందల గింజలు. నెల గడిచింది. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. మట్టి గీకి చూస్తే గింజ గింజగానే ఉంది, నొక్కితే లోపల గోధుమరంగు పొడి.

నాయనకి ఫోన్ చేశాను.

"ఎండబెట్టినావా అమ్మా?"

"నాలుగు రోజులు నాయనా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నిమ్మగింజ ఎండితే చచ్చిపోద్దమ్మా. నన్నొక మాట అడిగుండాల్సింది," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధేసింది. అప్పటికి బావి వెనక చెట్టు పూర్తిగా మాడిపోయింది. దాన్ని కొట్టేయించాడు.

ఈ తేడా వ్యవసాయం చదువుకున్నవాళ్ళకి మామూలు విషయం. ధాన్యాలు, పప్పుల విత్తనం పొడిగా నిద్రపోతుంది. తేమ తగిలేదాకా నెలలు, ఏళ్ళు ఆగుతుంది. నిమ్మజాతి గింజకి ఆ నిద్ర లేదు. పండు లోపల తడిలో బతికిన గింజ, తడి పోతే మొలకెత్తే శక్తిని పోగొట్టుకుంటుంది. పనస గింజ, మామిడి టెంక, నేరేడు గింజ కూడా ఇదే తీరు. మామిడి టెంకను మనం ఎవరూ డబ్బాలో దాచం. నిమ్మగింజ చిన్నది, గట్టిగా కనపడుతుంది, పప్పుబద్ద లాగా ఉంటుంది కాబట్టి మోసపోతాం.

ఆ నెలాఖరులో వినాయక చవితి. ఊరికెళ్ళాను. పొద్దున్నే పత్రికోసం పెరట్లోకి పోయి, గరిక కోస్తూ కోస్తూ పెంటదిబ్బ అంచుకు వచ్చాను. గిన్నెలు కడిగిన నీళ్ళు వచ్చి చేరేది అక్కడికే. నీళ్ళు పారే దారిలో, అరటి మొదలు నీడలో, జానెడు కన్నా తక్కువ ఎత్తులో మొక్కలు గుంపుగా నిలబడి ఉన్నాయి. ముదురాకుపచ్చ ఆకు, ఆకు తొడిమకి సన్నటి రెక్కలు, పక్కనే లేతముల్లు. ఒక ఆకు తుంచి నలిపాను. బావి వెనక చెట్టు వాసన.

ఏప్రిల్‌లో అమ్మ తన సగం కాయలకి ఊరగాయ పెట్టి, గింజల గిన్నె తీసుకెళ్ళి అక్కడ బోర్లించింది. ఆ నెలంతా ఇంట్లో వేరే నిమ్మకాయ కోసింది లేదు. పారేసిన గింజలు రోజూ కడుగునీళ్ళు తాగి మొలిచాయి. నేను చీటీ అంటించి దాచినవి చచ్చిపోయాయి. ఆ పూట పత్రి కోయడం మరిచిపోయి అక్కడే కూర్చుండిపోయాను. పదకొండు మొక్కలు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. గింజ మొక్క తల్లిలాగా రాదు కదా, అంటు కట్టిందే నమ్మకం కదా అంటారు. మామిడి విషయంలో అది చాలావరకు నిజం. మన నిమ్మ విషయంలో కాదు. మా ప్రాంతంలో తరతరాలుగా నిమ్మతోటలు వేసింది గింజ మొక్కలతోనే, ఇప్పటికీ చాలావరకు అంతే. దానికి కారణం గింజ లోపలే ఉంది. నానిన నిమ్మగింజ పైపొర, దాని కింది సన్నటి గోధుమరంగు పొర ఒలిచి చూడండి. లోపల ఒకే పప్పు కాకుండా, ఒకదాన్నొకటి ఒరుసుకుని రెండు మూడు పిండాలు కనపడతాయి. వాటిలో మహా అయితే ఒకటి పుప్పొడి కలిసి పుట్టింది. మిగతావి తల్లిచెట్టు కణాల నుంచే నేరుగా పుట్టినవి, అంటే అచ్చంగా తల్లే. అందుకే ఒక గింజ పాతితే రెండు మొలకలు రావడం చూస్తాం. గుంపులో ఏపుగా, ఒకే ఎత్తులో, ఒకే ఆకుతో ఉన్నవి తల్లి పోలికవి. బక్కగా, ఆకు తేడాగా ఉన్నది పుప్పొడి కలిసి పుట్టింది. నర్సరీవాళ్ళు దాన్నే ఏరేస్తారు. ఇంకో మేలు కూడా ఉంది. నిమ్మతోటల్ని చంపే ట్రిస్టెజా వైరస్ అంటుకొమ్మతో పాకుతుంది, పేనుబంకతో పాకుతుంది. గింజలో నుంచి మొక్కకి రాదు.

తిరుపతి పరిశోధన స్థానం నుంచి గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ నిమ్మ వచ్చింది. వెంకటగిరి దగ్గరి పెట్లూరు స్థానం నుంచి పెట్లూరు సెలక్షన్-1 వచ్చింది. తోట వేసే రైతు అట్లాంటి ఎంపిక చేసిన రకాన్నే వెయ్యాలి, వంటింటి గింజ మీద ఎకరాలు పెట్టకూడదు. నేను చెప్పేది ఇంటి ముందు, మిద్దె మీద పెంచుకునేవాళ్ళ కోసం. అయితే పంపర పనస గింజను ఈ లెక్కలో కలపొద్దు. దానికి గింజకొక్కటే పిండం. మొక్క తల్లిలా వస్తుందన్న భరోసా ఉండదు. కమలా గింజ ఒలిస్తే పప్పు పచ్చగా ఉంటుంది, పిల్లలకి చూపిస్తే భలే సంబరపడతారు. మొలుస్తుంది కూడా. మా నెల్లూరు ఉక్కకి దాన్నుంచి నాగపూర్ పండు లాంటిది ఆశించకండి, ఆకుకి పెంచుకోండి.

ఇక పద్ధతి. పచ్చిగింజల్ని అన్నిటికన్నా ముందు నీళ్ళలో నానెయ్యాలి. ఒక గిన్నెడు గింజల నుంచి రెండు పనులు ఒకేసారి తీయొచ్చని నాకు తెలిసింది ఇక్కడే.

గింజ చుట్టూ జారుడు జిగురు ఉంటుంది కదా, చేత్తో పట్టుకుంటే జారిపోయేది. అందులో పెక్టిన్ ఉంటుంది. జామ్‌ను గడ్డకట్టించేది ఆ పెక్టినే. బజార్లో పొడిగా అమ్మే పెక్టిన్‌ను కూడా నిమ్మజాతి తొక్కల నుంచి, ఆపిల్ పిప్పి నుంచే తీస్తారు. ఇంగ్లండు వైపు నారింజ తొక్క జామ్ చేసేవాళ్ళు గింజల్ని పల్చటి గుడ్డలో మూటకట్టి ఉడికే జామ్‌లో వేలాడదీస్తారు. నేను ఉడకబెట్టను, ఎందుకంటే గింజ నాకు బతికుండాలి. నాలుగు చెంచాల పచ్చిగింజలు, అర గ్లాసు చల్లటి నీళ్ళు, రాత్రంతా మూతపెట్టి ఉంచుతాను. పొద్దునకి నీళ్ళు సగ్గుబియ్యం గంజిలాగా చిక్కబడి ఉంటాయి, చెంచాతో ఎత్తితే తీగ సాగుతుంది. జల్లెడలో వడగట్టాలి. పిసకకూడదు, గింజ చితికితే చేదు దిగుతుంది. ఆ జిగురు నీళ్ళను జామ్‌లో పోస్తాను.

మా ఇంట్లో మే నెలాఖరుకి మామిడిపండ్లు మిగిలిపోతాయి. పండిన మామిడిలో పెక్టిన్ తగ్గిపోయి ఉంటుంది, ఎంత తిప్పినా జామ్ పాకంలాగా జారుతుందే గానీ నిలవదు. ఈ గంజి, ఒక నిమ్మకాయ రసం, సరిపడా చక్కెర కలిస్తే నిలుస్తుంది. పులుపు, తీపి, పెక్టిన్ మూడూ ఉంటేనే గడ్డకట్టేది, ఏ ఒక్కటి తగ్గినా కాదు. చల్లారిన ప్లేటు మీద ఒక చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి. ముడత పడగానే దించేయాలి. ఇంకో రెండు నిమిషాలంటే మాడువాసన వస్తుంది, రెండుసార్లు నాకు అట్లా పోయింది.

జల్లెడలో మిగిలిన గింజలున్నాయే, అవి ఇప్పుడు విత్తడానికి సిద్ధం. జిగురు పోయింది కాబట్టి బూజు పట్టదు, రాత్రంతా నానింది కాబట్టి తొందరగా మొలుస్తుంది. నీళ్ళలో తేలేవి తాలు, ఏరేయండి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపి, వేలి కణుపులో సగం లోతున పాతి, ఎప్పుడూ చెమ్మ ఉండేట్టు నీడపట్టున పెట్టండి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. ఓపికున్నవాళ్ళు పైపొర గోరుతో ఒలిచి పాతితే ఇంకా ముందే వస్తాయి. వెంటనే పాతడం కుదరకపోతే, తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. కొన్ని వారాలు ఆగుతాయి. మిద్దె మీద చీర పరచడం మాత్రం వద్దు.

అందరికీ చెట్టు పెంచే చోటుండదు, తెలుసు. చెట్టుదాకా పోనక్కర్లేదు. వెడల్పాటి తొట్టిలో ముప్పై నలభై గింజలు ఒత్తుగా చల్లి, మెంతికూర మడి లాగా పెంచండి. మూడు నెలలకి నిమ్మాకు కోతకి వస్తుంది. మా వైపు వేసవిలో మజ్జిగంటే ఉప్పు, అల్లం, కరివేపాకుతో పాటు నలిపిన నిమ్మాకు పడాలి. చలివేంద్రాల్లో కుండ మూత తియ్యగానే ముందొచ్చేది ఆ వాసనే. నిమ్మకాయ పది రూపాయలున్న రోజుల్లో కూడా మజ్జిగకి ఆ పరిమళం ఊరికే దొరికేది ఆకు వల్లే. ఆకును కోసి వెయ్యకండి, చేత్తో చించి నలిపి వేసి, అరగంట తర్వాత తీసేయండి. ఎక్కువసేపుంటే వగరు. పప్పుచారులో రెండాకులు చివర్లో వేసినా బాగుంటుంది.

ఆ తొట్టిని ఇంకొకరు కూడా వెతుక్కుంటూ వస్తారు. నలుపు మీద లేతపసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుక లేతాకుల మీద ఒక్కో గుడ్డు పెట్టిపోతుంది. పుట్టిన పురుగు మొదట పిట్టరెట్టలాగా ఉంటుంది, చూసినా ఎవరూ పట్టించుకోరు. పెద్దదయ్యేసరికి ఆకుపచ్చగా మారిపోతుంది. తాకితే తలమీద నుంచి నారింజరంగు చీలికొమ్ము బయటికి తోసి ఘాటైన వాసన కొడుతుంది. నర్సరీ పెట్టినవాళ్ళకి అది శత్రువే, లేతమొక్కను రాత్రికి రాత్రి మోడు చేస్తుంది. నాకు ఒక తొట్టి మజ్జిగకి, ఒక తొట్టి దానికి. గింజలు ఊరికే వచ్చినవే కదా, ఒక జీవికి వదలడానికి చెయ్యెందుకు వెనకాడాలి? పోయిన ఏడు మా పక్కింటి పాప రెండు వారాలు రోజూ బడినుంచి రాగానే మిద్దెక్కేది. గూడు పగిలి రెక్కలు తడిగా బయటికొచ్చిన పొద్దున నన్ను నిద్రలేపింది ఆ పిల్లే.

ఊళ్ళో పెరడున్నవాళ్ళు కంచె వారన వరసగా పాతొచ్చు. గింజ నిమ్మకి చిన్నతనంలో ముళ్ళు బలంగా ఉంటాయి, మేకలు ఒకసారి మూతి పెట్టి రెండోసారి రావు.

మిగతా వాడకాల మీద నా అభిప్రాయం దాచుకోను. గింజల కషాయం పురుగుమందుగా చల్లమంటారు. లిమోనిన్ లాంటి చేదు పదార్థాలు కొన్ని పురుగుల్ని తిండి మాన్పిస్తాయన్నది నిజమే. వేపలో పనిచేసే అజాడిరక్టిన్ కూడా ఆ కుటుంబానిదే. కానీ వీధికో వేపచెట్టున్న జిల్లాలో, 5 శాతం వేపగింజల కషాయం రైతులందరికీ తెలిసిన చోట, గుప్పెడు నిమ్మగింజల్ని దానికోసం చంపడం నాకు ఒప్పదు. గింజల పొడిని తలకి, మొహానికి రాయడం నేను చెయ్యను, చెయ్యమనీ చెప్పను. పంపర పనసకి దగ్గరి చుట్టం గ్రేప్‌ఫ్రూట్ ఉంది కదా, దాని గింజల సారమని క్రిములను చంపే మందుగా సీసాల్లో అమ్ముతారు. అట్లాంటి కొన్ని సీసాల్ని పరీక్షిస్తే క్రిముల్ని చంపుతున్నది గింజ కాదని, అందులో కలిసిన బెంజెథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ రసాయనమని తేలింది. ఎండిన గింజల్ని గుడ్డసంచిలో కుట్టి వేడిచేసి కాపడం పెట్టుకోవచ్చంటారు, పెట్టుకోవచ్చు. కల్లుప్పు మూట అంతకన్నా బాగా పనిచేస్తుంది. ఇక పొరపాటున మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని మమ్మల్ని భయపెట్టేవాళ్ళు. ఏమీ కాదు, నమలనంతవరకు చేదు కూడా తెలియదు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో నేను ఆగే బత్తాయి రసం బండి అతను మొదట్లో నన్ను వింతగా చూశాడు. ఇప్పుడు సాయంత్రం పోతే, "అక్కా, మీ గింజలు" అని తడిగుడ్డ మూట ఇస్తాడు. నేను చెప్పిన దగ్గర్నుంచి ఎండ తగలకుండా ఐస్‌పెట్టె పక్కన పెడుతున్నాడు. తన ఇంటి దగ్గర కూడా రెండు కుండీలు పెట్టాడట.

పెంటదిబ్బ దగ్గరి పదకొండు మొక్కల్లో రెండు బక్కవి, తీసేశాం. ఏడు నాయన తోటగట్టు మీద, నీళ్ళు నిలవని చోట నాటాడు. ఒకటి మా చిన్నత్తకిచ్చాను. ఒకటి నా దగ్గర, మిద్దె మీద, అడుగున చిల్లులు పెట్టిన పాత నీళ్ళ డ్రమ్ములో పెరిగింది. నాలుగో ఏట పూత వచ్చింది. చాలావరకు రాలిపోయి మూడు పిందెలు నిలిచాయి. మొదటి కాయ పసుపు తిరగగానే కోసి, అమ్మను పిలిచి, ఆమె చేతికే కత్తిపీట ఇచ్చాను. పలచటి తోలు. రసం ఆమె మణికట్టు దాకా కారింది. నాలికతో చూసి, "జేజి చెట్టే," అంది.

తొమ్మిది గింజలున్నాయి. ఆ రాత్రే గ్లాసు నీళ్ళలో వేశాను.